కండెకో లెక్క

పదో తరగతి పరీక్షలకు నేను రోజుకు పద్దెనిమిది గంటలు చదివాను. ఈ మాట మా గద్వాలలో నాకు తెలిసిన వాళ్ళందరికీ చెప్పాను, కొందరికి రెండుసార్లు చెప్పాను. చదివి చదివి పుస్తకం అట్ట మీద నా గడ్డం ఆనిన చోట గుంట పడిందనీ, లెక్కల్లో నాకు అనుమానం వస్తే సారు దగ్గరికి పోవడం కాదు, సారుకు అనుమానం వస్తే నా దగ్గరికి వచ్చేవాడనీ, ఫలితాల రోజు నన్ను భుజాల మీద కోట దాకా ఊరేగించారనీ చెప్పేవాణ్ణి. గుంట మాట నిజం. అట్ట మీద తల పెట్టి నిద్రపోతే గుంట పడక ఏమవుతుంది? మిగిలినవాటి సంగతి ముందు ముందు వస్తుంది.

నేను నేతపని మనిషిని. డెబ్బై దాటినా మగ్గం గుంటలోకి నా అంతట నేనే దిగుతాను, ఎక్కేటప్పుడు మాత్రం ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. మా చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఒళ్ళూ అంచూ కలిసే చోట ప్రతి వరసలోనూ ఒక దారాన్ని ఇంకో దారానికి మెలిక వేసి పట్టించాలి. దాన్ని కుప్పడం అంటాం. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కుడిపక్కన నేసేవాడు, ఎడమపక్కన అంచు నాడె అందించే మనిషి, ఇద్దరూ ఉండాలి. నలభై ఏళ్ళు నా ఎడమపక్కన మా ఆవిడ కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాక ఆమె రాట్నం ముందుకు మారి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. కండె అంటే నాడె కడుపులో పెట్టే దారపు గొట్టం. ఖాళీ అయిన చోటికి మా కోడలు వచ్చింది.

మా కోడలిది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. తండ్రి దర్జీ. పదో తరగతిలో అన్నీ బాగానే రాసి లెక్కల దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత పెళ్ళైంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నాతో మగ్గం మీద కూర్చుని, తర్వాత పక్క వీధిలోని అంగన్‌వాడీకి ఆయాగా పోతుంది. అక్కడి టీచరమ్మ రెండు మూడేళ్ళలో దిగిపోతుందట. ఆ పనికి దరఖాస్తు పెట్టుకోవాలంటే పది ఉండాలి, పైన ఇంటర్ ఉండాలి, వయసు ముప్పై ఐదు దాటకూడదు. ఆమెకు ముప్పై రెండు నిండాయి. అంటే ఈ ఎండాకాలంలో పది గట్టెక్కితేనే ఇంటర్‌కు రెండేళ్ళు మిగులుతాయి. ఈసారి తప్పితే లెక్క సరిపోదు.

ఓపెన్ టెన్త్‌కు పేరు రాయించుకుంది. పాత బడి కాగితాలన్నీ పుట్టింటి దగ్గర ఉండడం వల్ల సెంటరు నాగర్‌కర్నూల్‌లో పడింది. ఆదివారం క్లాసులూ అక్కడే. వనపర్తిలో బస్సు మారి అంత దూరం వారం వారం పోలేక నెలకోసారి పోదామనుకుంది. మిగతా ఆదివారాలకు ఇంట్లో నేనున్నాను కదా అని ఆమె ధైర్యం.

"మామా, మీరు లెక్కల్ల ఫస్టు గదా. జర నాకు చెప్పుండ్రి," అంది ఒక పొద్దున.

రాట్నం దగ్గర మా ఆవిడ దగ్గింది. ఆమెది రాయచూరు వైపు. నేను కథ ఎత్తుకున్నప్పుడల్లా వాళ్ళ కన్నడంలో "సుమ్నిరి" అంటుంది. నోరు మూసుకోమనడానికి అది మర్యాద గల మాట. ఆ పొద్దున మాత్రం అనలేదు, దగ్గి ఊరుకుంది.

"నాలుగింటికే లెవ్వాలె," అన్నాను నేను. "గట్టిగ సదవాలె. ఒక్కో లెక్క ఇరవై సార్లు. ముఖ్యమైన దాని కింద ఎర్రగీత, ఇంకా ముఖ్యమైన దాని కింద పచ్చగీత."

"లెక్కలు గూడ చదువుడేనా మామా? చేసుడు కాదా?"

"చేసుడు పరీక్షల ఉంటది. ఇంట్ల సదువుడే. నేను గట్లనే సదివిన."

ఈ చివరి మాట అక్షరాలా నిజం. గట్లనే చదివాను.

పాపం, ఆ పిల్ల రెండు నెలలు నేను చెప్పినట్టే చేసింది. చీకటితో లేచి గైడు ముందు కూర్చునేది. గీతలు గీసి గీసి ఆ గైడు హోలీ ఆడొచ్చిన చొక్కాలా తయారైంది. గీత లేని వాక్యం కనిపిస్తే అది ముఖ్యం కాదేమోనని దానికీ ఒక గీత పెట్టేది. అరవై రెండో పేజీ అంటే చాలు, అక్కడి లెక్క మొదటి అక్షరం నుంచి చివరి జవాబు దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది. నేను మురిసిపోయాను. నా శిక్షణ అలాంటిదని వీధిలో నలుగురికి చెప్పాను. సరే, పది మందికి చెప్పాను.

మూడో నెల క్లాసుకు పోయినప్పుడు అక్కడ నమూనా పరీక్ష పెట్టారు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సంచిలోంచి పేపరు తీసి నా చేతికిచ్చింది. నూటికి పధ్నాలుగు.

"గవే లెక్కలు మామా. అంకెలు మార్చిండ్రు. నేను గైడుల ఉన్న జవాబు రాసిన."

"ఎన్నిట్ల?"

"అన్నిట్ల."

పేపరు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "ఈసారి పోతే ఇగ రాయ. ఏండ్లు సాలవు," అని వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది, ఊరుకోబెట్టే పని ఒకటి దొరికేది.

మా ఆవిడ రాట్నం ఆపి నన్ను చూసింది. "ఏమయ్యా, ఆ పిల్లకు నువ్వు సెప్తవా, నన్ను సెప్పమంటవా?"

"ఏంది సెప్పేది?"

"పెండ్లైన కొత్తల మీ అమ్మ పెట్టె సదురుతుంటే నీ మార్కుల కాగితం సూసిన. నాకు సదువు రాకున్నా అంకెలొస్తయి."

అన్నేళ్ళుగా ఆమెకు తెలుసు! నేను ఊరేగింపు కథ చెప్పిన ప్రతిసారీ, భుజాల మీద ఎత్తుకున్న వాళ్ళు ఒకసారి ఇద్దరూ ఒకసారి నలుగురూ అయిన ప్రతిసారీ, తెలిసే విన్నది.

"మరి ఇన్నొద్దులు ఎందుకు ఊకున్నవే?"

"నీ కథలు గోడకు సున్నం అసుంటివి. ఎవలకు నష్టమని ఊకున్న. ఇప్పుడు ఆ పిల్లకు నష్టమైతున్నది."

మర్నాడు పొద్దున మగ్గం మీద కూర్చున్నాం. నాలుగు వరసలు పడ్డాక గొంతు సవరించుకున్నాను.

"బిడ్డా, నేను ఫస్టు గాదు. సెకండు క్లాసు."

కోడలు నాడె అందించింది. ఇంకో రెండు వరసలు పడ్డాయి.

"సెకండు గూడ గాదనుకో. థర్డు."

వెనక రాట్నం చప్పుడు ఆగిపోయింది. ఆ రాట్నం మా ఇంట్లో ఊరికే ఆగదు.

"ఫెయిలైన," అన్నాను.

"లెక్కల్లనేనా మామా?"

"లెక్కల్లనే. రెండుసార్లు."

రాట్నం ఇంకా తిరగలేదు.

"మూడుసార్లు," అన్నాను. అప్పుడు తిరిగింది.

"ఎన్నెన్ని వచ్చినయ్?"

"తొమ్మిది. పదకొండు. మల్ల ఏడు."

ఆమె ఇంకో వరసకు నాడె అందించింది. "అయితే మీ కన్నా నాకే ఎక్కువొచ్చినయ్," అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. "కని మామా, నాకు రెండు నెలలు పోయినయ్ గదా," అంది. ఎనిమిదిన్నర దాకా ఇద్దరం నేస్తూనే ఉన్నాం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదటి వరస వేయక ముందు, నిన్న నేసిన దాని అంచు వెంట వేలితో తడమాలి. కంటికి కనిపించని తప్పు వేలికి దొరుకుతుంది. మర్నాడు కోడలు ఎడమ అంచు తడుముతూ పోయి ఒకచోట ఆగింది. వేలు అవతలికి పోయింది. ఒంటికీ అంచుకూ మధ్య రెండు వేళ్ళ పొడవున సందు. అది నేను సెకండు క్లాసు నుంచి థర్డు క్లాసులోకి దిగుతున్న చోటు. ఆమె మెలిక వేయడం మరిచింది, నేను చూడడం మరిచాను. దాని మీద జానెడు బట్ట నేసేశాం కూడా.

"లోపలి దిక్కు సూదితోని పట్టిద్దాం బిడ్డా. ఎవరు సూస్తరు?"

"ఒద్దు మామా. ఇప్పుదాం."

విప్పడం నేతకన్నా నెమ్మది పని. ఒక్కో దారాన్నీ తెగకుండా వెనక్కి లాగి కండెకు చుట్టుకోవాలి. చేతులకు పని ఉన్నా మనసు ఖాళీగా ఉంటుంది. ఆమె అడిగింది: "మీకు కుప్పడం ఎట్ల వచ్చింది మామా? ఎవరు నేర్పిండ్రు?"

మా నాయన నేర్పాడు. నేర్పాడనడం కూడా ఎక్కువే. నాలుగు వరసలు నేసి చూపించి, నేసిన దాని మీద తువ్వాల కప్పేసేవాడు. ఇప్పుడు నువ్వు వెయ్యి అనేవాడు. చూసి వేస్తే ఎవరైనా వేస్తారట. తప్పు పడితే అరిచేవాడు కాదు, చెప్పేవాడూ కాదు. ఎక్కడ తప్పిందో నేనే వెతికి నా చేత్తోనే విప్పాలి. మర్నాడు పొద్దున కొత్తది మొదలుపెట్టే ముందు నిన్నటిది మళ్ళీ ఒకసారి తువ్వాల కింద వేయాలి. నాలుగు రోజులు పోయాక, నేను మరిచి ఉంటానని ఆయనకు తోచిన రోజున, పాతది ఒకటి మళ్ళీ అడిగేవాడు. ఇందులో నేను ఒక్క దారమైనా ఎక్కువ కలపలేదు. నాయన విషయంలో కలపను.

కోడలి చెయ్యి ఆగింది. "మరి ఎర్రగీత పెట్టలేదా?"

"పెట్టలే."

"పచ్చగీత?"

"లే బిడ్డా."

"ఇరవై సార్లు గట్టిగ చదివినరా?"

"మా నాయన సదువు రానోడు."

"ఇంత మంచిగ నేర్సుకున్నోళ్ళు, నాకేమో గట్ల చెప్తిరి," అంది. అప్పుడు నవ్వింది. రాట్నం దగ్గర మా ఆవిడ కూడా నవ్వింది. నేను మాత్రం సందు దాకా విప్పుతూ ఉండిపోయాను. చూస్తే మెలిక తప్పింది నిజానికి ఒక్క వరసలోనే. తర్వాతవన్నీ దాన్ని నమ్ముకుని తప్పినవి.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. అంగన్‌వాడీ నుంచి ఒక పాత పలక తెచ్చుకుని మగ్గం పక్కన పెట్టుకుంది. చీర ఒళ్ళు నేసే నాడెలో కండె అయిపోగానే నేను దాన్ని మార్చి, తెగిన పోగులు అతికి, రెండు గుక్కలు టీ తాగుతాను. ఆ వేళలో ఆమె గైడు మూసి పలక మీద ఒక లెక్క చేయాలి. కండెకో లెక్క. చేశాక గైడు తెరిచి సరిచూసుకోవాలి, తప్పితే ఎక్కడ తప్పిందో అక్కడి దాకా విప్పాలి. మళ్ళీ నేత మొదలవగానే, ఆ లెక్క ఎట్లా చేసిందో కండె అయ్యేలోగా నాకు చెప్పాలి.

ఈ చివరిది ఎందుకు పెట్టిందంటే, మా ఇంట్లో లెక్కలు రావని రుజువైన మనిషిని నేనే కాబట్టి. ఇన్నాళ్ళూ వచ్చినట్టు తల ఊపేవాణ్ణి. ఇప్పుడు ఊపాల్సిన పని లేదు. తెలియకపోతే తెలియదనడం నాకు కొత్త, మొదట్లో నోరు తిరిగేది కాదు.

"మైనస్ ఏడు అటు పోయి ప్లస్ ఏడు అయింది మామా," అంది మొదటి రోజు.

"ఎట్లైంది? నడుమ ఏం తిన్నది?"

"అటు పోతే మారుతది. గైడుల గట్లనే ఉన్నది."

"గైడు ముచ్చట నాకెందుకు? ఎట్ల మారిందో సెప్పు."

ఆమెకు తెలియలేదు. మేమిద్దరం ఒకే చోట ఆగిపోయామని అప్పుడు తెలిసింది. తెలిసినట్టు ఇద్దరం దాటేశాం, అంతే. ఆ రోజు అంగన్‌వాడీలో టీచరమ్మను అడిగింది, ఆమె తక్కెడ బొమ్మ వేసి చూపిందట. మర్నాడు మొదటి కండెలోనే నాకు చెప్పింది: "ఏదీ దాటిపోలేదు మామా. రెండు దిక్కుల ఏడేడు కలిపినం. ఇటు మైనస్ ఏడు పోయింది, అటు ఏడు ఎక్కింది. తక్కెడ గట్లనే నిలబడ్డది."

యాభై ఏళ్ళకు పైగా ఆ ఏడు సమానం గుర్తును ఎట్లా దాటిందా అని నాకొక మూల బాధ ఉండేది. అసలు దాటనే లేదట.

తప్పిన లెక్కలకు ఒక చిన్న పుస్తకం పెట్టుకుంది. వచ్చినవి అందులో రాయదు. తప్పింది మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, వారం దాటాక ఒకసారి మళ్ళీ పలక ఎక్కేది. మూడుసార్లూ వస్తేనే కొట్టేసేది. పుస్తకం సగం నిండేసరికి ఆమెకే కనబడింది: తప్పులు చాలావరకు లెక్కలో కష్టమైన చోట పడటం లేదు, ఒక వరస నుంచి కింది వరసకు దిగేటప్పుడు గుర్తు రాయడంలో పడుతున్నాయి. "అంచు కాడనే మామా," అంది. అప్పటి నుంచి ప్రతి లెక్క చివరా, వరసకూ వరసకూ మధ్య వేలు పెట్టి తడిమేది, చీరను తడిమినట్టే.

నాలుగింటికి లేవడం మా ఆవిడ మాన్పించింది. నిద్ర చాలని చేతిలో దారం తెగుతుందని ఆమె లెక్క. ఇంకో సంగతి చివరి వారాల్లో గమనించాను. కండెలు కొంచెం లావెక్కాయి. కష్టమైన లెక్కలు వచ్చేసరికి కోడలికి చెప్పడానికి టైము చాలడం లేదని, మా ఆవిడ తనంతట తానే దారం ఎక్కువ చుడుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఈ ఉపాయం నాదేనని వీధిలో చెప్పాను. నాది కాదు.

లెక్కల పరీక్షకు ముందురోజు కోడలూ నేనూ బయలుదేరాం. వనపర్తి బస్టాండులో బస్సు మారేటప్పుడు టీ తాగుతుంటే, బల్ల మీద పక్కనున్న పెద్దమనిషి ఎక్కడికని అడిగాడు.

"మా కోడలికి నాగర్‌కర్నూల్ల పని ఉన్నది. అంగన్‌వాడీ టీచరు," అన్నాను.

కోడలు నా వైపు చూసింది.

"కాబోయే టీచరు," అన్నాను.

ఇంకా చూస్తూనే ఉంది.

"రేపు లెక్కలు పాసైతే," అన్నాను. అప్పుడు టీ తాగింది. ఆ పెద్దమనిషి, "అయితది లేమ్మా, ఏం పరేషాన్ గాకు," అన్నాడు. నా మొదటి మాటకన్నా మూడో మాటకే ఆయన ముఖంలో ఎక్కువ గౌరవం కనిపించింది.

ఆ రాత్రి పుట్టింట్లో వాళ్ళ వదిన, ఇంకా చూడని పాఠాలు రెండున్నాయి కదా, తిరగెయ్యమంది. "చూడనిది ఇయ్యాల చూస్తే, చూసినవి గూడ కలగలుస్తయి వదినా," అని పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

పొద్దున సెంటరు గేటు ముందు అంతా గైడులు తిరగేస్తున్నారు. చంకలో బిడ్డను ఎత్తుకున్న ఒకామె కూడా పేజీలు తిప్పుతోంది. గైడుల నిండా గీతలే. నాకు వాళ్ళను చూసి జాలేసింది, నా శిష్యులేమో అనిపించింది. మా కోడలి చేతిలో తప్పుల పుస్తకం ఒక్కటే ఉంది. అందులోంచి మూడు అడిగాను, మూడూ చెప్పింది. పుస్తకం నా చేతికిచ్చి, "తెలిసినవి ముందు చేస్త, తెల్వనివి ఎనక," అని లోపలికి పోయింది.

ఎండ బాగా ఉంది. గోడ నీడ వెంట జరుగుతూ కూర్చున్నాను. నేను మూడుసార్లు రాసిన పరీక్షల్లో ఏదీ అంత పొడుగ్గా అనిపించలేదు. మొదటి అరగంటలో లేచి వచ్చేవాణ్ణి, అందుకేమో.

గంట కొట్టాక వచ్చింది. ముఖం మామూలుగానే ఉంది.

"ఎట్లైంది బిడ్డా?"

"రెండు విడిచిన మామా. ఒకటి నడుమల ఇప్పిన."

"ఇప్పినవా?"

"తండ్రీ కొడుకుల వయసు లెక్క. కొడుకు వయసు మైనస్ నాలుగొచ్చింది. పుట్టకముందు వయసేంది అని ఎనకకు పోయిన. అంచు కాడనే తప్పింది. ఇప్పి మల్ల నేసిన."

ఫలితాలు మా అబ్బాయి ఫోనులో చూశాడు. అన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో నలభై మూడు. నేను వీధిలోకి పోయి ఎనభై మూడని చెప్పి వచ్చాను. సాయంత్రానికి ఆ మాట తిరిగి మా గడప దాటి లోపలికి వచ్చింది. కోడలు నన్ను వెంటబెట్టుకుని గడప గడపకూ తిప్పి నలభై మూడని చెప్పించింది. "నలభై మూడు నాది మామా. ఎనభై మూడు ఎవరిదో నాకు తెల్వదు," అంది. వింటున్న వాళ్ళలో ఒకామె, తమ కోడలిని కూడా ఈసారి రాయిస్తామంది. ఎనభై మూడు విన్నప్పుడు ఆమె ఆ మాట అనలేదు.

ఇంటర్‌కు దరఖాస్తు పెట్టుకుంది. టీచరు పని వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం, ఏళ్ళు మాత్రం సరిపోయాయి. పొద్దున ఆరింటికి మేం మళ్ళీ మగ్గం మీదే ఉంటున్నాం. నిన్న కండె అయిపోగానే పలక నా ఒళ్ళో పెట్టింది. ఐదు ఎక్స్ మైనస్ ఎనిమిది, సమానం, రెండు ఎక్స్ ప్లస్ ఏడు. కండె తను మార్చుకుంటానంది.

"ఇదెంత సేపు?" అని చేసి ఇచ్చాను.

పలక మీద వరసల మధ్య వేలు పెట్టి తడిమింది. ఎనిమిది దగ్గర వేలు ఆగింది.

"ఇప్పుండ్రి మామా," అంది.

విప్పాను. రెండోసారికి వచ్చింది.

రాట్నం ఆగింది. సరే, మూడోసారికి.